వస్తా మామా

మా మరిదికి నోరు ఊరుకోదు. ఆ సంగతి మా తోడికోడలు విమానాశ్రయంలో నాకు కొత్త విషయం చెప్పినట్టు చెప్పింది. "అక్కా, ఆయన ఎవరితో పడితే వాళ్ళతో వరసలు కలిపేస్తారు. అసలే పరాయి దేశం. కాస్త కనిపెట్టుకుని ఉండు" అంది. "పనికి తీసుకెళ్తున్నానే, బడికి కాదు" అని విసుక్కున్నాను. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి వదల్లేదు. ఆ ఓడల యార్డులో అతనికి వెల్డరు పని ఇప్పించింది నేనే. ఏం తేడా వచ్చినా అడిగేది నన్నేనని తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను.

అక్కడ నా పని గాలి చూడడం. ఓడ అడుగున, అది ఒరిగిపోకుండా నీళ్ళు నింపే ట్యాంకులుంటాయి. మరమ్మతుకి వచ్చిన ఓడలో వాటిని ఖాళీ చేసి, మనుషుల్ని దింపి, తుప్పు తినేసిన రేకులు కోసి కొత్తవి అతికిస్తారు. ఎవరైనా దిగేముందు నేను గొట్టం వదిలి, మీటరు చూసి, లోపల పీల్చే గాలి ఉందో లేదో చెప్పాలి. నేను సరే అంటేనే దిగడం. ఇన్నేళ్ళుగా చేస్తున్నా ఆ ట్యాంకుల్లో తల పెట్టడం నాకు ఇష్టముండదు. మనిషి పట్టేంత కన్నం, దానికో ఇనప మూత, కిందికి నిచ్చెన, ఆ కింద గదిలోంచి గదిలోకి పాక్కుంటూ వెళ్ళే దారులు. లోపల మన దగ్గు మనకే ఎవరో వెనక నిలబడి దగ్గినట్టు వినిపిస్తుంది.

ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో చూడడానికి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ దేశం మనిషే. ఓడ ఎక్కే మెట్ల పక్కన అద్దాల గదిలో కూర్చునేవాడు. ఆయన వెనక గోడకి మనిషికో బిళ్ళ వేలాడుతుండేది, ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. దిగేవాడు వాకీటాకీలో "వెళ్తున్నా" అని చెప్పాలి, ఆయన బిళ్ళని నలుపుకి తిప్పుతాడు. పైకి వచ్చినవాడు "వచ్చాను" అని చెప్పాలి, తెలుపుకి తిప్పుతాడు. ట్యాంకు మూత బిగించేవాళ్ళు ఆయన్నే అడుగుతారు. ఆయన ఎవరూ లేరంటే లేరు. అంత పొందికైన మనిషిని నేను మా వాళ్ళలో చూడలేదు. కుర్చీలోంచి లేస్తే ఆ కుర్చీని మళ్ళీ గోడకి సమానంగా జరిపి గానీ కదిలేవాడు కాదు.

ఆ దేశంలో నాకు మొదటినుంచీ మింగుడుపడనిది ఒకటుంది. వాళ్ళు బయల్దేరేటప్పుడు "నేను వెళ్తున్నాను" అనేసి, అటు తిరిగి, తలుపేసుకుని నిజంగానే వెళ్ళిపోతారు. మొదట్లో నాకు తెగతెంపులు చేసుకున్నట్టే ఉండేది. మన ఇళ్ళల్లో వీధి చివరికి పాల ప్యాకెట్టుకి వెళ్ళేవాడు కూడా వస్తాననే కదా అంటాడు. పక్కింటావిడ కబుర్లు ముగించి లేస్తూ "మరి నేను వస్తానండీ" అంటుంది. గుమ్మం దాటేవాడు వెళ్తానంటే, "వెళ్ళొస్తానను" అని దిద్దకుండా నేనైతే ఉండలేను. కానీ యార్డులో వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే అనేసేవాళ్ళం. పరాయి భాషలో ఏమన్నా మనకి తగలదని ధైర్యం.

మా మరిది వెళ్ళిన వారానికే ఆ పెద్దాయనకి మామ వరస కట్టేశాడు. తను అల్లుడయ్యాడు. "పిల్లనిచ్చిన మామ ఒక్క టీ కూడా పొయ్యలేదు వదినా, ఈయన రోజూ పోస్తున్నాడు" అనేవాడు. యార్డులో తెలుగువాళ్ళందరూ నన్ను వదినా అని పిలుస్తుంటే విని, అదే నా పేరనుకుని ఆయన కూడా "గుడ్ మార్నింగ్, వదినా" అనేవాడు. నేను దిద్దలేదు. ఆ వయసులో ఆయనకి తెలుగు నేర్చుకోవాలని సరదా పుట్టింది. అయితే ఒక షరతు పెట్టాడు. "ఒక మాటకి ఒక అర్థం చెప్పు. రెండు చెప్తే నాకు వద్దు" అన్నాడట. మరిది టీ తాగుతూ రా, కూర్చో, తిను, వస్తా లాంటివన్నీ నేర్పాడు. వేళ్ళని కాళ్ళలా బల్ల మీద నడిపించుకుంటూ ఆయన వైపు తీసుకెళ్ళి, అదీ వస్తా అంటే అని చూపించాడట. ఇదంతా నాకు అన్నం తినేటప్పుడు చెప్పి పడీపడీ నవ్వాడు.

ఆ రోజు పొద్దున పెద్దాయన గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు. "ఇవాళ మధ్యాహ్నంనుంచి అల్లుడు నాతో మీ భాషలోనే చెప్పాలి. నాకు అర్థమవుతుంది" అన్నాడు.

"పని దగ్గర ఆటలెందుకు పెద్దాయనా?" అన్నాను.

"ఆట కాదు వదినా, పరీక్ష. నాకు."

నాకు నచ్చలేదు. అయినా మధ్యాహ్నం మరిది పైకొచ్చి "వచ్చేశా మామా!" అని అరిస్తే, ఆయన టక్కున బిళ్ళ తెలుపుకి తిప్పి చిన్నపిల్లాడిలా అందరికేసీ చూశాడు. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనాలయ్యాక మరిది సుత్తి, వైరు బ్రష్షు చేత పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఒక అతుకు మీద అనుమానంగా ఉంది వదినా. లోపలి గదిలోది. ఒకసారి గీకి చూసుకుంటే గానీ నాకు మనసు ఊరుకోదు."

"మూత బిగించి నీళ్ళు వదిలేది ఇవాళే."

"మామకి చెప్పే దిగుతాగా!"

కన్నంలోకి గొట్టం వదిలి మీటరు చూశాను. గాలి బాగుంది. సరే అన్నాను. అతను హెల్మెట్ సర్దుకుంటూ కన్నం దగ్గరే ఆగాడు, నేను ఇంజను వైపు ఇంకో ట్యాంకు చూడడానికి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి మూత బిగించేవాళ్ళు పానాలు భుజాన వేసుకుని ఎదురొచ్చారు. డెక్కు మీద లావుపాటి గొట్టం పంపు కొడుతున్నకొద్దీ కదులుతోంది. ఆ యార్డులో మోత లేని చోటు లేదు. ఎక్కడో రేకులు కోస్తుంటారు, ఎక్కడో తుప్పు రాలగొడుతుంటారు. నా కాళ్ళ కింద కూడా ఎక్కడో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. గబగబా పడుతున్నాయి, మళ్ళీ ఆగుతున్నాయి. ఎవరో పని తొందరలో ఉన్నారనుకుని దాటేశాను.

అద్దాల గదిలో పెద్దాయన ముందు రెండు టీ కప్పులున్నాయి. ఒకదాని మీద సాసరు మూత పెట్టి ఉంది.

"నీ మరిదికి మాట మీద నిలబడడం తెలీదా వదినా? వస్తానన్నాడు. ఎంతసేపటినుంచి చూస్తున్నానో!" అన్నాడు.

"ఎప్పుడన్నాడు?"

"భోజనం తర్వాత. ఇందులో." వాకీటాకీ చూపించాడు. "మీ భాషలోనే. 'వస్తా మామా' అన్నాడు. ఎవర్నీ అడక్కుండా అర్థం చేసుకున్నాను. రా, కూర్చో అన్నాను. టీ పోశాను."

ఆయన మొహం గర్వంతో వెలిగిపోతోంది. మరిది గొంతు నాకు అక్కడే వినిపించినట్టయింది. కన్నం అంచున ఒక కాలు లోపల పెట్టి, నిచ్చెన పట్టుకుని, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అన్నట్టే అని ఉంటాడు. సొంత భాషలో చెప్పమన్నాక, ఆ చీకటి కన్నం ముందు నిలబడి వెళ్తున్నాననడానికి అతనికి నోరెలా వస్తుంది? నాకైనా రాదు.

"పంపు ఆపించు" అన్నాను.

"ఎందుకు?"

"అతను లోపలున్నాడు."

ఆయన వెనక్కి తిరిగి బిళ్ళ చూశాడు. తెలుపు. "బయటున్నాడు" అన్నాడు నెమ్మదిగా.

"అది వస్తానని కాదయ్యా, వెళ్తానని!"

"కాదు. వస్తా అంటే రావడం. అల్లుడే చెప్పాడు."

"వెళ్ళేవాడు కూడా అదే అంటాడు మాలో!"

"వెళ్ళేవాడు వస్తానంటే మరి వచ్చేవాడు ఏమంటాడు?"

"వాడూ వస్తాననే అంటాడు!"

"మరి మీకెలా తెలుస్తుంది?"

"మాకు తెలుస్తుంది!" అని గొంతు చించుకున్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆయన్ని అనడానికేముంది? పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అక్కడ నీళ్ళు పెరుగుతుంటే ఇక్కడ నేను ఒక ముసలాయనకి నా భాష విడమరిచి చెప్పలేక నిలబడ్డాను. ఆయన చేతిలోంచి వాకీటాకీ లాక్కుని మరిదిని పేరు పెట్టి పిలిచాను. బరబరమని చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇనప మూత పడ్డాక లోపలికి ఏ మాటా వెళ్ళదు, లోపల్నుంచి ఏదీ రాదు. అది ఆయనకీ తెలుసు. ఆ బరబర వింటూ ఆయన మొహంలో రంగు పోయింది. అప్పుడు లేచి సైరన్ మీట లాగాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. దాన్ని లేపలేదు.

సైరన్ మోగితే యార్డంతా పని ఆపెయ్యాలి. నేను డెక్కు మీద పరిగెడుతుంటే ఒక్కో మోతా ఆగిపోయింది. రంపాలు ఆగాయి, క్రేన్లు ఆగాయి, పంపు ఆగింది. చివరికి సైరన్ కూడా ఆగింది. నేను మూత దగ్గర మోకాళ్ళ మీద పడి చెవి ఇనుముకి ఆనించాను. ఇందాకటి సుత్తి దెబ్బలు ఇప్పుడు వినిపించాలి. ఎందుకు వినిపించడం లేదు? అరచేతుల్తో ఆ రేకుని బాదాను. కింద నీళ్ళు ఊగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

బిగించినవాళ్ళే వచ్చి నట్లు విప్పారు. వాళ్ళు శక్తివంచన లేకుండా తిప్పుతున్నా, కావాలని నిదానంగా తిప్పుతున్నట్టే తోచి నోటికొచ్చినట్టు తిట్టాను. తెలుగులోనే తిట్టాను. వాళ్ళు తలెత్తలేదు. మూత పక్కకి జరిగేసరికి నిచ్చెన సగానికి పైగా నీళ్ళలో ఉంది. నీళ్ళు నల్లగా, తుప్పు తేలుతూ ఉన్నాయి. లోపలి గదికి పాక్కుంటూ వెళ్ళే దారి అడుగునే ఉంటుంది, నీళ్ళు ముందు దాన్నే ముంచేసి ఉంటాయి.

పెద్దాయన రొప్పుతూ వచ్చి నా పక్కన బోర్లా పడుకుని తల కన్నంలోకి పెట్టాడు. "రా అల్లుడూ!" అని అరిచాడు. "రా! రా!" నేర్చుకున్న మాటని సరిగ్గా, స్పష్టంగా, మనలో ఒకడు పిలిచినట్టే పిలిచాడు. ఆ పిలుపు ఇనుముకి కొట్టుకుని మళ్ళీ మా మీదికే వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది, అంతే. ఆయన్ని ఆపమందామనుకున్నాను, ఆపితే ఇంకా భయమని ఊరుకున్నాను.

నడుముకి తాడు కట్టుకుని ఒకతను దిగాడు. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. మూడోసారి తేలినప్పుడు అతని చేతుల్లో మరిది ఉన్నాడు.

డెక్కు మీద పడుకోబెట్టారు. తెగిన సుత్తి తాడు ఇంకా మణికట్టుకి చుట్టుకునే ఉంది. వేళ్ళ కణుపులు చిట్లిపోయి ఉన్నాయి. సుత్తి జారాక చేతుల్తోనే కొట్టినట్టున్నాడు. యార్డు డాక్టరు ఛాతీ మీద నొక్కుతూ ఉన్నాడు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని, ఎన్నడూ అనని మాట అన్నాను. "ఒరేయ్, లేవరా. నోరు మూసుకుని ఉన్నావేంట్రా, లే" అన్నాను. పెద్దాయన కాస్త ఎడంగా కూర్చుని, ఎవరూ అడక్కుండానే, "నేను విన్నాను. స్పష్టంగా విన్నాను" అంటున్నాడు. డాక్టరు చాలాసేపు నొక్కి, చేతులు తీసేసి, వాచీ చూసుకున్నాడు.

ఇంటికి కబురు ఆఫీసువాళ్ళే చేస్తామన్నారు. వద్దన్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళ నోటివెంట ఆ పిల్ల వినకూడదనిపించింది. మెట్ల కింద, చేతులు కడుక్కునే పంపుల దగ్గర ఎవరూ లేరు. అక్కడికి వెళ్ళి ఫోను చేశాను. ఏం చెప్పాలో ఒకటికి పదిసార్లు లోపల అనుకున్నాను. మొదట స్థిమితంగా కూర్చోమనాలి, పక్కన అత్తయ్య ఉందేమో కనుక్కోవాలి, ఆ తర్వాతే చెప్పాలి.

వెంటనే ఎత్తింది. వెనక టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

"నీకు నూరేళ్ళక్కా! ఇప్పుడే అత్తయ్యతో మీ గురించే అనుకుంటున్నాం. ఆయన ఫోను ఎత్తట్లేదేంటి? ఓవర్ టైమా?"

అనుకున్నవన్నీ ఎటో పోయాయి. కూర్చోమని కూడా అనలేకపోయాను.

"పోయాడే" అన్నాను.

టీవీలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. చెయ్యి అడ్డం పెట్టి ఎవరినో సౌండు తగ్గించమంది. తర్వాత గొంతు దగ్గరికొచ్చింది, మామూలుగానే ఉంది.

"ఎక్కడికక్కా?" అంది.