ముప్పై ఏడో గద్దె

జడ్చర్ల స్టేషన్ రోడ్డును కొత్తగా కడతారట. పాత దుకాణాల ముందు నడిచే దారి, దాని పక్కన వరసగా అమ్ముకునేవాళ్లకు గద్దెలు. ఆ నక్షా చూపించడానికి పొద్దున్నే అందరినీ పిలిచారు. గొంగళ్లు అమ్మే గోపమ్మ కూడా వెళ్లింది గానీ గద్దె దొరుకుతుందన్న ఆశ లేదు.

ఎలా ఉంటుంది? ఆమె వారమంతా గొర్ల వెంట తిరిగి, ఆదివారం అంగడికి మాత్రమే వస్తుంది. సర్వే వాళ్లేమో బుధవారం వచ్చి, ఆనాడు ఎవరు కూర్చుంటే వాళ్ల పేర్లు రాసుకుని పోయారు. ఇరవై ఏళ్లుగా ఆమె కూర్చునే జాగా ఆ రోజు ఖాళీ. పక్కన చీపుర్లు, చాటలు అమ్మే బిక్షమ్మ రోజూ ఉంటుంది, నిజమే. కానీ పరదా తాడు ఎటు కట్టాలన్న దగ్గర ఇద్దరికీ చెడి మూడు నెలలైంది, మాటల్లేవు. ఆ మహాతల్లి తన చీపుర్లను ఇటు జరిపేసి జాగా మొత్తం రాయించుకుని ఉంటుందని గోపమ్మకు గట్టి అనుమానం. కోపంలో ఉన్న మనిషికి అనుమానాలు ఊరికే పుడతాయి మరి.

ఇంజనీరు అనూహ్య పేర్లు చదువుతోంది. "ముప్పై ఆరు, బిక్షమ్మ. ముప్పై ఏడు, గోపమ్మ."

గోపమ్మ గబుక్కున లేచింది. "నా పేరెవలు రాయించిన్రు మేడం?"

అనూహ్య నవ్వింది. "రెండు జాగాలూ బిక్షమ్మవే అనుకుని కొలిచామమ్మా. ఆమే టేపు పట్టుకుని వెనక్కి లాగింది. 'గీడిదాకనే నాది. గాడికెల్లి గోపమ్మది. నోరు పెద్దది గని జాగ దానిదే, రాసుకోండ్రి' అని వేలిముద్ర వేసి మరీ సాక్ష్యం చెప్పింది."

అందరూ గొల్లుమన్నారు. గోపమ్మకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక వరసలో తల వంచుకుని కూర్చున్న బిక్షమ్మ దగ్గరికి పోయి, రెండు చేతులూ పట్టుకుంది.

"నీ జాగల నేనుంటే, చెప్పకపోతుంటినేమో అక్కా. నా బతుకు నిలవెట్టినవ్. సచ్చేదాక మర్వను."

"నాకు మాత్రం ఆశ పుట్టలేదనుకున్నవా?" బిక్షమ్మ గొంతు తగ్గించింది. "ఆల్లు కొలుస్తుంటే జరసేపు ఊకున్న. మల్ల ఐతారం నువ్వొచ్చి యాడ కూసుంటవని పానం గుంజింది."

ఆ జరసేపు సంగతి దాచుకున్నా అడిగేవాళ్లు లేరు. దాచనందుకే గోపమ్మకు ఆమె మీద ప్రేమ రెట్టింపైంది. కొంచెం జరగమన్నట్టు భుజంతో నెట్టి, ఆమె పక్కనే కూర్చుంది.