పట్టు లేని ట్యూబు

పొద్దున్నే తొమ్మిదికల్లా గ్లవ్స్ తొడుక్కుని, వరసగా నిలబెట్టిన ట్యూబుల మూతలు తీయడంతో ఆవిడ పని మొదలయ్యేది. నర్సింగ్ కాలేజీ హాస్టల్లో చేరబోయే పిల్లల రక్తం నుంచి తీసిన సీరం అది. మెదడు పొరలకు వాపు తెచ్చే బ్యాక్టీరియా ఇరుకు గదుల్లో ఇట్టే పాకుతుంది కాబట్టి, టీకా పనిచేసిందని ల్యాబ్ కాగితం ఇస్తేనే హాస్టల్లో మంచం. యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో మిషను చెబుతుంది. అంకె బాగుంటే పాసు.

అంకె తక్కువొచ్చిన వాటికి మాత్రం వేలు పెట్టి చూసేవాళ్లు. మంచి సీరమైతే పసిబిడ్డలా వేలు పట్టుకుంటుంది. అలా పట్టుకున్నవాళ్లకు పెద్ద డాక్టరమ్మ సంతకం పెట్టేస్తుంది. చిన్నప్పుడు ఈ జబ్బు చేసి బతికి బయటపడ్డ ఒక తాపీమేస్త్రి సీరం పోల్చి చూడ్డానికి తెస్తే, అది ఆవిడ వేలు ఎంతకీ వదల్లేదు. పక్క బల్ల పొడుగాయన వచ్చి లాగాల్సొచ్చింది. సంబంధం ఖాయం చేసుకునేట్టున్నాడు, మీ ఆయనకి కబురు పెట్టమంటారా అన్నాడు.

ఒక రోజు మిషను ఇచ్చిన అంకెల్లో అన్నిటికన్నా పెద్దది, అదే హాస్టల్లో చేరబోతున్న ఆవిడ కూతురిది. ల్యాబంతా చెప్పుకొచ్చింది. అంత అంకె వచ్చిన ట్యూబుకు వేలు పెట్టే పనే లేదు. అయినా మురిపెం కొద్దీ పెట్టింది.

ఏమీ కాలేదు.

వేలు మార్చి చూసింది. గ్లవ్ మార్చి చూసింది. మంచినీళ్లలో పెట్టినట్టుంది. పొడుగాయన కూడా పెట్టి చూసి, ఆవిడ వైపు కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. మిగతా ముప్పై తొమ్మిది ట్యూబులకూ వేలు పెట్టింది. మంచి అంకెలున్నవే ఇంకో మూడు పట్టుకోలేదు.

పెద్ద డాక్టరమ్మ కూతురి సీరంలో బతికున్న బ్యాక్టీరియా కలిపి ప్లేటు మీద పరిచింది. మర్నాటికి ఆ ప్లేటు నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలే. ఒక్క క్రిమీ చావలేదు.

"ఈ సీరంలో జనం బోలెడు మంది ఉన్నారు. అందరూ భోజనానికొచ్చినవాళ్లే, పట్టుకునేవాడు ఒక్కడు లేడు" అంది డాక్టరమ్మ. నలుగురికీ వేరే రకం టీకా వేయించి, మూడు వారాలు హాస్టల్ వైపు వెళ్లొద్దంది.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆ మంచం వేరేవాళ్లకి ఇచ్చేస్తారని కూతురు ఏడ్చింది.

"నీ చెయ్యి మొద్దుబారిందేమోనే అమ్మా."

"ప్లేటు మొద్దుబారలేదుగా."

అనుకున్నట్టే మంచం పోయింది. వెయిటింగ్ లిస్టులో ఉన్న ఒక దర్జీ కూతురికి ఇచ్చారు. ఆ పిల్లకి మిషను ఇచ్చిన అంకె బొటాబొటీ కూడా కాదు. సీరం మాత్రం ఆవిడ వేలిని గ్లవ్ చిరిగేలా పట్టుకుంది. కూతురు పొద్దున్నే బస్సులో రెండు గంటలు కాలేజీకి పోతూ, వస్తూ, తల్లితో మాటలు మానేసింది.

టీకా వేయించిన పదిహేడో రోజు, ఆదివారం మధ్యాహ్నం, కాలేజీలో స్నేహమైన ఆ దర్జీ కూతురు ఆవిడ కూతురికి ఫోన్ చేసింది. గదిలో తనతో ఉండే ఇద్దరు సీనియర్లకీ తెల్లారుజామున జ్వరం, మెడ వంచలేకపోవడం, ఒంటిమీద ఊదా మచ్చలు. ఒకమ్మాయి ఆస్పత్రికి వెళ్లేలోపే పోయింది. రెండో అమ్మాయికి స్పృహ లేదు. ముగ్గురూ ఒకే బాటిల్లో నీళ్లు తాగేవాళ్లట. డాక్టర్లు తనకీ మందు వేసి, అన్ని పరీక్షలూ చేసి, ఏం లేదన్నారట.

"నాకేం కాలేదక్కా" అని ఆ పిల్ల పదేపదే అంటోంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

కూతురు ఫోన్ బల్లమీద పెట్టి, అలాగే నేల మీద కూలబడింది. తల్లి పక్కన కూర్చోలేదు. ఆ సీనియర్లకి టీకా పరీక్ష ఎక్కడ చేశారని అడిగింది. వేరే ల్యాబులో, అంది కూతురు. అక్కడ చూసేది మిషను అంకె ఒక్కటే.

"ఆ బ్యాచిలో ఎంతమందే?"

"నూట పన్నెండు."

ఆవిడ పొడుగాయనకి ఫోన్ చేసి, ఆదివారమైనా సరే ల్యాబు తెరిచి నూట పన్నెండు ఖాళీ ట్యూబులు బయట పెట్టమంది, హాస్టల్‌కి వెళ్లి అందరి రక్తం తీయాలంది. చెప్పులేసుకుంది. కూతురు లేచి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తనంతట తానే, నేనూ వస్తానమ్మా అంది.

"నువ్వు రాకు. నీ మూడు వారాలకింకా నాలుగు రోజులుంది."