మూత తీయని సీసా

నేను ఒక టీకా సీసాను. బొటనవేలంత ఉంటాను. హెపటైటిస్-ఎ అనే కామెర్ల జబ్బును రాకుండా ఆపడం నా పని. ఫ్యాక్టరీలో పుట్టింది మొదలు నన్ను ఐసుపెట్టెలో పెట్టి, ఎండ తగలనీయకుండా కాకినాడ చేర్చారు. మందును చూసుకున్నంత అపురూపంగా మనుషులు మనిషిని చూసుకోరని నాకప్పటికి తెలియదు.

నన్ను కొన్న డాక్టరు గల్ఫ్ వెళ్లే ఒకాయన కోసం తెప్పించాడు. ఆయన మళ్లీ రాలేదు. ఫ్రిజ్‌లో కాంపౌండరమ్మ పెరుగు గిన్నె పక్కన పడి ఉన్నాను. అందులో తిండి పెట్టకూడదని తలుపు మీదే రాసి ఉంది లెండి.

ఆ వానాకాలం ఊళ్లో కామెర్లు లేచాయి. ఈ జబ్బు పాడు నీళ్లతోనే కాదు, పక్క పంచుకున్నా అంటుకుంటుంది. మగవాళ్లతోనే మనసు కలిసిన మగవాళ్లు కొందరు వరసగా మంచం పట్టారు. ఆసుపత్రికి వెళితే ఎలా వచ్చిందని అడుగుతారని, చాటుగా పసరు తాగి పథ్యం చేశారు.

వాళ్లలో ఆటో నడిపే కొండబాబు ఒకడు. అతనితో కాపురం ఉంటున్నవాడు టైలరు ఏసుపాదం. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. లోకం కోసం రోజూ సాయంత్రం ఏసుపాదం వరండాలో మడతమంచం వేసి, దాని మీద దుప్పటి పరిచేవాడు. ఇంటి ఓనరు వరహాలమ్మ అది చూసి నమ్మింది.

ఏసుపాదం లివరు అదివరకే చెడి ఉంది. కామెర్లు వస్తే ప్రాణం మీదికొస్తుందని, వెంటనే టీకా వేయించుకొమ్మని ఒక స్నేహితుడు పోరి మా డాక్టరు దగ్గరికి పంపాడు. కాంపౌండరమ్మ నన్ను బయటికి తీసింది. ఇన్నాళ్లకు ఒకడికి పనికొస్తున్నానని పొంగిపోయాను.

"ఇది గల్ఫ్ వెళ్లేవాళ్లకేసేది కదయ్యా, నీకెందుకు?" అన్నాడు డాక్టరు.

"మా బావకి కామెర్లండి."

"ఒకే గదిలో పడుకుంటారా?"

బీపీ చూపించుకోవడానికి వచ్చిన వరహాలమ్మ మధ్యలో అందుకుంది. "అబ్బే, లేదండి. ఈ అబ్బాయి పడక వరండాలోనండి, మడతమంచం మీద. చాలా బుద్ధిమంతుడండి."

ఏసుపాదం అవునన్నట్టు తల ఊపాడు. లివరు మాట కూడా ఎత్తలేదు.

"అయితే భయం లేదు. నీళ్లు కాచుకు తాగు" అన్నాడు డాక్టరు. నన్ను వేస్తే ఆయనకు పోయేదేముంది? నన్ను మళ్లీ పెరుగు గిన్నె పక్కన పెట్టారు. ఆ పెద్దమనిషి చదువు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఏసుపాదానికి కామెర్లు వచ్చాయి. అతనూ పసరే తాగాడు. పెద్దాసుపత్రికి చేర్చేసరికి చెయ్యి దాటిపోయింది.

కోలుకున్న కొండబాబు ఒకనాడు వచ్చి, మా బావ సూది కోసం వచ్చాడా అని అడిగాడు. కాంపౌండరమ్మ మడతమంచం మాటతో సహా జరిగింది చెప్పింది. జాలిపడి నన్ను చేతిలోకి తీసుకుని, "నీకైనా వేయమని అడగనా?" అంది.

"వచ్చి తగ్గినోడికి మళ్లీ రాదు, అక్కర్లేదు" అన్నాడు డాక్టరు లోపల్నుంచి.

తేదీ చూస్తే నా గడువు కూడా అయిపోయింది. ఆమె నన్ను చెత్తసంచిలో వేస్తుంటే కొండబాబు, గది నిండా ఉన్న జనం వినేట్టుగానే అన్నాడు:

"ఆ మడతమంచం మీద మా బావ ఒక్కరోజైనా పడుకోలేదమ్మా."