మరకలమ్మ ఖాతా

లాండ్రీలో ఆమెను అందరూ మరకలమ్మ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దానితో పనిపడేది జీతం కాగితం మీద మాత్రమే. హోటళ్ల నుంచీ ఆసుపత్రుల నుంచీ మూటలుగా వచ్చే దుప్పట్లు విప్పి, ఉతక్కముందే ఏ గుడ్డ మీద ఏ మరక ఉందో ఫొటో తీసిపెట్టడం ఆమె ఉద్యోగం. రేపు హోటల్ మేనేజరు వచ్చి ఈ పసుపు మరక మీరే చేశారని గంతులేస్తే, ఫొటో చూపించి కూర్చోబెట్టాలి. అందుకని కంపెనీ ఆమెకొక ఫోను ఇచ్చింది. ఫోనయితే ఇచ్చారు గానీ అందులో పెట్టడానికి ఒక మెయిల్ ఖాతా కూడా కావాలని ఎవరికీ తోచలేదు. ఖాతా లేనిదే ఫోను ముందుకు కదలనని మొండికేస్తే, ఆమె తన సొంత ఖాతానే అందులో పెట్టేసింది. పెళ్లయిన కొత్తలో ఆడపడుచు తెరిచి ఇచ్చిన ఖాతా అది. అలా మూడేళ్లుగా ఊళ్లోవాళ్ల మరకలన్నీ ఆమె పేరు మీద పోగుపడుతున్నాయి.

మంగళవారం పదకొండింటికి ఆమె ఒక ఆసుపత్రి దుప్పటిని వీడియో తీస్తోంది. మరక మరీ పెద్దదైతే ఫొటోలో పట్టదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా నెమ్మదిగా తిప్పుతూ తీయాలి. సరిగ్గా ఆమె చెయ్యి ఈ మూలకి వచ్చేసరికి ఎదురుగా ఇస్త్రీ ప్రెస్సు దగ్గర గొడవ మొదలైంది.

అక్కడ పనిచేసేది ఇస్త్రీ పెద్దాయన. ఆయన మీద అరుస్తున్నది బామ్మర్ది. నిజానికి అతను యజమానికే బామ్మర్ది. లాండ్రీ అంతా అతన్ని వెనక అలాగే పిలుచుకునేది, ముందర మాత్రం సార్ అనేది. ఏదో దుప్పటికి మడత తప్పిందట. ముందు మెడ మీద ఒకటి వేశాడు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, మీ నాన్నంత వయసువాణ్ణి, చెయ్యి చేసుకోకు బాబూ అన్నాడు. తనకు ఇలాంటి నాన్నా అని బామ్మర్దికి రోషం వచ్చింది కాబోలు, ఆయన కుడి మణికట్టు పట్టుకుని ప్రెస్సు పలక మీద పరిచి, పైమూత కిందికి లాగాడు.

ఆవిరి బుస్సుమంది. పెద్దాయన నోట్లోంచి వచ్చిన కేక మనిషిది కాదు. బామ్మర్ది హ్యాండిల్ వదల్లేదు. ఒక దిండుగలీబు మడత పెట్టేంతసేపు దాని మీద బరువంతా వేసి నిలబడ్డాడు. మూత లేచాక చెయ్యి బయటికి వచ్చింది గానీ, దాని తోలు కొంత మూతకే అంటుకుపోయింది. పెద్దాయన ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుని అక్కడే కూలబడ్డాడు.

మరకలమ్మ ఫోను దించలేదు. అది ధైర్యం కాదు, చెయ్యి కొయ్యబారిపోయింది, అంతే.

పావుగంటలో యజమాని వచ్చి, ముసలాయన నిద్రమత్తులో చెయ్యి పెట్టేశాడని అందరికీ చెప్పాడు. అడిగిన వాళ్లకి అదే చెప్పమన్నాడు. ఆసుపత్రిలో కూడా అలాగే రాయించాడు. అలా రాస్తే ఇక కేసూ లేదు, కంపెనీ ఖర్చుతో వైద్యమూ లేదు, కుడి చెయ్యి లేని ఇస్త్రీ మనిషికి రేపటి నుంచి పనీ లేదు. సాయంత్రానికి ఎవరో వీడియో తీశారన్న గుసగుస యజమాని చెవిన పడింది. రేపు మధ్యాహ్నం రెండింటికి ఫోన్లన్నీ చూస్తాం, గేటు దగ్గర పెట్టే సొంత ఫోన్లూ, లోపలి కంపెనీ ఫోన్లూ అన్నీ, అని చెప్పి పంపించాడు. కంపెనీ ఫోను ఇంటికి తీసుకెళ్లే వీల్లేదు. రోజూలాగే దాన్ని కేబిన్లో చార్జింగుకి పెట్టి, ఆమె ఖాళీ చేతులతో ఇల్లు చేరింది.

ఇంట్లో ఉన్నది ఆడపడుచు ఒక్కతే. మరకలమ్మ భర్త లారీతో పాటు వారానికి ఐదు రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఆడపడుచుది కస్టమర్ కేర్ ఉద్యోగం. రోజుకి ఎనిమిది గంటలు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఫోన్లతో కుస్తీ పట్టేవాళ్లకి దారి చెబుతుంది. వదిన చెప్పిందంతా విని, అలవాటు కొద్దీ మీ సమస్య నాకు అర్థమైంది అంది. రోజుకి వందసార్లు అనే మాటే గానీ, అది నిజం కావడం ఇదే మొదటిసారి.

రేపు వెళ్లగానే ఆ ఫోన్లోంచి ఖాతా పీకేసి చేతులు దులుపుకుంటానంది మరకలమ్మ. ఆడపడుచు తల పట్టుకుంది.

"పీకితే నీ ఖాతా నీకు దక్కుతుంది, వీడియో వాళ్లకి దక్కుతుంది. అది ఇంకా ఫోన్లోంచి పైకి, నీ ఖాతాలోకి ఎక్కలేదు వదినా. నీ ఖాతాలో చోటెక్కడ ఏడ్చింది? మూడేళ్ల మరకలు నింపి పెట్టావు."

"పోనీ తీయకుండా వదిలేస్తే?"

"ఇంకా నయం. ఖాతా లోపల ఉండగా వాడు ఫోన్లో వీడియో తుడిస్తే, పైన ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఖాతా తీసేశాక తుడిస్తే ఆ ఫోన్లోదే పోతుంది, పైది పైనే ఉంటుంది. వరస ముఖ్యం. నువ్వు తాళం వేసి తలుపు మూసే రకానివి, అందుకే నా భయం."

ఎవరికైనా పంపేద్దామంటే అలాంటి యాప్‌లన్నీ కంపెనీ ఎప్పుడో తీయించేసింది. మెయిల్లో పెడదామంటే అంత వీడియో పట్టదు. ఇంకో చిక్కు కూడా ఉంది. బయటి నుంచి ఖాతా తెరవాలంటే వచ్చే ఓటీపీ నంబరు ఆ కంపెనీ ఫోనుకే వస్తుంది. కాబట్టి దాన్ని ముందే ఆడపడుచు ఫోనుకి మార్చాలి. తన సీటు దగ్గరికి ఫోను రానివ్వరని, సాయంత్రం దాకా తను ఏమీ చూడలేనని కూడా ఆడపడుచు చెప్పింది. నాలుగు పనులనూ లాండ్రీ మూటలకి కట్టే చీటీ వెనక రాసి ఇచ్చింది. పాత మరకలు చెరిపి, చెత్తబుట్ట కూడా ఖాళీ చెయ్యి. నంబరు మార్చు. వీడియో పూర్తిగా ఎక్కిందాకా ఆగు. అప్పుడు ఖాతా తియ్యి.

"తీసేటప్పుడు, అన్నీ పోతాయి జాగ్రత్త అని ఒక బెదిరింపు వస్తుంది. దాన్ని చూసి వెనక్కి రాకు. తీసెయ్యడమంటే చంపడం కాదు వదినా, ఆ ఇంట్లోంచి బయటికి తెచ్చుకోవడం."

బుధవారం పన్నెండున్నరకి గాని మరకలమ్మకి సందు దొరకలేదు. వైఫై బాగా అందేది కేబిన్ గోడ పక్కనున్న తన బల్ల దగ్గరే. మొదటి ఏడాది మరకలు చెరిపింది, చెత్తబుట్ట ఖాళీ చేసింది. ఎన్ని కాఫీలు, ఎన్ని నెత్తుర్లు, ఎన్ని కొత్త పెళ్లికూతుళ్ల కాటుకలు. అన్నీ ఒక్క నొక్కుతో పోయాయి. నంబరు మార్చింది. వీడియో పైకి ఎక్కడం మొదలైంది. చక్రం తిరుగుతూ, పక్కన అంకె పెరుగుతోంది. పదకొండు శాతం. ఆమె ఫోన్ని దిండుగలీబుల కుప్పలో దాచి, పైన మడతలు పెడుతూ నిలబడింది.

బామ్మర్దికి రెండింటి దాకా ఓపిక లేకపోయింది. ఒంటిగంటకే ఇద్దరు లోడింగ్ మనుషులతో, బాయిలరు చూసుకునే బాయిలరాయన్ని ఈడ్చుకొచ్చాడు. నిన్న ఆ సమయంలో బాయిలరాయన తలుపు దగ్గరే ఉన్నాడట. పైగా నోరున్న మనిషి. కిందటేడాది జీతాల దగ్గర బామ్మర్దికి ఎదురు మాట్లాడిన పాపం కూడా ఆయన ఖాతాలో ఉంది. తక్కినవాళ్లంతా అన్నాల గదిలో ఉన్నారు. మరకలమ్మ ఉండటం బామ్మర్ది చూశాడు గానీ, ఆమెను మూటల్లో ఇంకో మూటగానే లెక్కేశాడు.

పిండే మిషన్లోంచి అప్పుడే వచ్చిన దుప్పటి తాడులా మెలిపడి ఉంది. తడి దుప్పటి మెలిపెడితే అది గుడ్డ కాదు, దుడ్డుకర్ర. బామ్మర్ది దాన్ని రెండు చేతులా ఎత్తి బాయిలరాయన వీపు మీద దించాడు. మూట పైనుంచి పడ్డట్టు చప్పుడయింది.

"వీడియో ఎక్కడ పెట్టావురా?"

తన దగ్గర ఏ వీడియో లేదని బాయిలరాయన అన్నాడు. తన ఫోను గేటు దగ్గరుందని, కావాలంటే తీసి చూసుకోమని అన్నాడు. రెండో దెబ్బ మెడకీ భుజానికీ మధ్య పడింది. ఆయన మోకాళ్ల మీద కూలాడు.

గలీబుల కింద నలభై రెండు.

నా దగ్గరుంది అంటే చాలు. రెండు మాటలు. అవి మరకలమ్మ నాలుక మీదే ఉన్నాయి. ఒకసారి పెదవులు విడిపోయాయి కూడా. ఇప్పుడు అంటే బాయిలరాయన వీపు బతుకుతుంది, పెద్దాయన చెయ్యి నిద్రమత్తులో కాలినట్టే మిగిలిపోతుంది. అనకపోతే? ఆమె గలీబు అంచులు కలిపి మడత పెట్టింది. చేతులు ఆ పని చేస్తూనే ఉన్నాయి, వాటికి సిగ్గు లేదు.

మూడోసారి దుప్పటి మొహానికి తగిలింది. బాయిలరాయన ముక్కులోంచి నెత్తురు తెల్లటి మూట మీద చిమ్మింది. బూటుకాలితో డొక్కలో ఒక తన్ను. ఆయన పక్కకి ఒరిగి, ఉతికే మిషను కాలు పట్టుకుని, లేవడానికి చూశాడు. లోడింగ్ మనుషుల్లో ఒకడు ఆయన వేళ్లు విడదీశాడు. అరవై ఎనిమిది. డెబ్బై. అక్కడ అంకె ఆగిపోయింది. మరకలమ్మ గలీబులు పక్కకి నెట్టి, ఫోన్ని గోడ వైపు ఇంకో జానెడు జరిపింది. చక్రం తిరుగుతోంది, అంకె కదలదు. ఆమె దాని మీదే చూపు పెట్టింది. డెబ్బై ఒకటి. ఒక్కసారిగా ఎనభై ఆరు.

ఆమె తలెత్తేసరికి బాయిలరాయన నేల మీద బోర్లా పడి ఉన్నాడు. బామ్మర్ది దుప్పటిని మళ్లీ ఎత్తాడు. అది కూడా దిగింది. ఈసారి బాయిలరాయన అరవలేదు, ఒక్క మూలుగు.

నూరు.

చీటీ చూడక్కర్లేకపోయింది. ఖాతా దగ్గరికి వెళ్లి తీసెయ్యి అన్నది నొక్కింది. ఆడపడుచు చెప్పిన బెదిరింపు వచ్చింది, ఉత్తరాలూ నంబర్లూ అన్నీ ఈ ఫోన్లోంచి పోతాయని. పొమ్మంది. ఆమె పేరు తెర మీంచి మాయమైంది.

"ఆపు. ఫోను నా దగ్గరుంది."

బామ్మర్ది తిరిగి చూశాడు. మూట మాట్లాడటం అతనికి నచ్చలేదు. మూడంగల్లో వచ్చి ఆమె చెంప మీద కొట్టాడు. తల గోడకి తగిలి, చెవిలో ఈల మొదలైంది. ఇంకో చేత్తో జుట్టు పట్టుకుని, వీడియో తనే తీసి చూపించమన్నాడు. చూపించింది. అతను తన ఘనకార్యం తనే ఒకసారి చివరిదాకా చూసుకుని, తుడిచేశాడు. చెత్తబుట్టలోంచి కూడా తుడిచేశాడు, అంత తెలివి ఉంది. అది చాలదన్నట్టు ఫోన్ని నేలకేసి కొట్టి బూటుతో నలిపాడు.

చప్పుడుకి యజమాని కేబిన్లోంచి వచ్చాడు. నేల మీద పడున్న మనిషిని చూశాడు, ఫోను ముక్కలు చూశాడు. "ఒరే, మరకల ఫొటోలన్నీ అందులోనే కదరా ఉన్నాయి," అన్నాడు. హోటల్ వాళ్లకి రేపు ఏం చూపించాలని ఆయన బాధ.

బాయిలరాయన్ని అన్నాల గదిలోంచి వచ్చిన ఆడవాళ్లు బల్లబండి మీద గేటు దాకా తోసుకెళ్లారు. పక్కన నడుస్తూ మరకలమ్మ తన ఏప్రాన్‌ని ఆయన ముక్కు కింద అదిమిపట్టింది. డ్రైవర్లెవరూ బండి తీయకపోతే, కూరగాయల ఆటో ఒకటి ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లింది. రెండు పక్కటెముకలు విరిగాయన్నారు.

సాయంత్రం ఆడపడుచు హెడ్‌ఫోన్లు దింపీ దింపగానే ఖాతా తెరిచింది. వీడియో ఉంది. ముందు ఆసుపత్రి దుప్పటి మీద ఎవరిదో మరక, ఆ తరవాత ప్రెస్సు, ఆ తరవాత ఆ కేక. ఆడపడుచు సగంలోనే ఆపేసి, వదిన వాచిన చెంప మీద తడిగుడ్డ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పోలీసు స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే ఆయన దాన్ని మూడుసార్లు చూశాడు. మూడోసారి శబ్దం తగ్గించాడు. పెద్దాయన కొడుకు ఫిర్యాదు రాయడం అయిపోయింది, బామ్మర్ది కోసం జీపు కూడా బయల్దేరింది. అప్పుడు, ఆసుపత్రి నుంచి పంతం పట్టి వచ్చి, బల్ల మీద వంకరగా కూర్చున్న బాయిలరాయన వంతు వచ్చింది. దీనికి వీడియో ఉందా అని రాసుకునే ఆయన అడిగాడు. లేదన్నారు. చూసినవాళ్లున్నారా అన్నాడు.

"నేను చూశాను," అంది మరకలమ్మ. "మొదటి దెబ్బ నుంచి."

అడ్డుపడలేదా అని అడిగాడాయన. లేదంది. ఎందుకనో అడిగాడు. అడిగినదానికి మించి చెప్పొద్దని ఆడపడుచు వెనక నుంచి మోచేత్తో పొడిచింది. మరకలమ్మ చెప్పింది. వీడియో పైకి ఎక్కుతోందని, ఎక్కేదాకా నోరు తెరవకూడదనుకున్నానని, అనుకుని తెరవలేదని.

రాసుకునే ఆయన కలం ఆపాడు. "ఇదంతా రాయాలంటావా అమ్మా?"

బాయిలరాయనకి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండోది ఆమె మీదే ఉంది. అందులో ఏముందో చూడటానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

"రాయండి," అంది.

రాశాడు. దుప్పటితో ఎన్నిసార్లు కొట్టాడని అడిగాడు. ఆమె కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. వీపు, మెడ, మొహం, కింద పడ్డాక ఒకటి.

"నాలుగు."

"ఐదమ్మా," అన్నాడు బాయిలరాయన. పగిలిన పెదవుల మధ్యనుంచి మాట నెమ్మదిగా వచ్చింది. "ఒకటి నువ్వు ఫోన్ చూసుకుంటున్నప్పుడు పడింది."

కలం గాల్లో ఆగింది. మరకలమ్మ దాని వైపు చూసింది.

"ఐదని రాయండి," అంది.