ఏడో నంబరు పళ్ళెం

నెలలు నిండని పిల్లల వార్డులో ఆయాకి నర్సులు పెట్టిన పేరు నీళ్ళమ్మ. పిల్లని ముట్టుకునే ముందు చేతులు కడుగుతుంది, ముట్టుకున్నాక కడుగుతుంది, తలుపు గడియ తగిలినా మళ్ళీ కుళాయి దగ్గరికే. గ్లౌజులు మురికి పనికి తొడుక్కుని, పని అవగానే విప్పి పారేసి, మళ్ళీ కడుగుతుంది. ఇరవై రెండేళ్ళ కిందట ఈ పద్ధతి నేర్పిన పాత హెడ్ నర్సు ఎప్పుడో రిటైరైంది గాని, ఆవిడ గొంతు మాత్రం నీళ్ళమ్మ చెవిలో ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది.

మిగతావాళ్ళ సంగతి వేరు. పొద్దున తొడిగిన గ్లౌజులు భోజనాల వేళకి గాని విప్పరు. వాటితోనే ఫోను, వాటితోనే ఫైలు, వాటితోనే ఒక పిల్ల దగ్గర్నుంచి ఇంకో పిల్ల దగ్గరికి. మరీ మనసొప్పకపోతే గ్లౌజుల మీదే రెండు చుక్కల శానిటైజర్ రుద్దుకునేవారు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే, కానీ చెప్పేదెవరు? పెద్ద డాక్టరే గ్లౌజు వేలితో కళ్ళజోడు పైకి తోసుకుంటూ, అదే వేలితో పిల్లల పొట్టలు నొక్కి చూసేవాడు.

ఆ నెలలో ముగ్గురు పిల్లలకి వరసగా ఇన్ఫెక్షన్ సోకింది. గండం గడిచింది గాని వార్డంతా వణికిపోయింది. నింద ఎవరో ఒకరి మీద పడాలి కదా. మర్నాడు రౌండ్సుకొచ్చిన పెద్ద డాక్టరుకి, ఉత్త చేతులతో పిల్లకి పాలు పడుతున్న నీళ్ళమ్మ కనిపించింది. రోగం ఎక్కడ్నుంచి వస్తోందో ఇప్పుడు తెలిసిందన్నాడు. ఇక ఈమెను పిల్లల దగ్గరికి రానివ్వొద్దని, బట్టలుతికే గదికి పంపమని చెప్పాడు.

నీళ్ళమ్మకి జీతం ఎక్కడికీ పోదు, దూరమయ్యేది పిల్లలే. గుప్పెడు ప్రాణాలు తన చేతుల్లో రోజురోజుకీ బరువెక్కుతుంటే చూడ్డానికే ఆవిడ పొద్దున్నే లేచేది. మొదటిసారి పెద్ద డాక్టరుకి ఎదురు మాట్లాడింది.

"నా చేతులు ల్యాబులో పరీక్ష చేయించండయ్యా. తప్పు నాదని తేలితే నేనే పోతాను. కాకపోతే నా ఒక్కదానివే కాదు, అందరివీ చేయించండి."

ఆయన నవ్వి సరేనన్నాడు. హెడ్ నర్సు అప్పటికప్పుడే ల్యాబు అమ్మాయిని పిలిపించింది. ఎవరి చేతులు ఎలా ఉంటే అలాగే, గ్లౌజులుంటే గ్లౌజులతోనే, క్రిములుంటే రెండు రోజుల్లో మచ్చల్లా మొలిచే చిన్న చిన్న పళ్ళేల్లో వేళ్ళు ఆనించారు. పళ్ళేల మీద పేర్లు లేవు, నంబర్లే. ఏది ఎవరిదో హెడ్ నర్సు ఒక్కతే కాగితం మీద రాసుకుంది.

రెండు రోజులు నీళ్ళమ్మ ఉతికిన గుడ్డలు మడతపెట్టింది. ఏ గుడ్డ ఏ పిల్లదో చూడగానే తెలిసిపోయేది, అదే ఆవిడ ప్రాణానికి వచ్చింది.

మూడోరోజు పళ్ళేలన్నీ వార్డులో బల్ల మీద పేర్చారు. నీళ్ళమ్మని గుమ్మం బయటే నిలబెట్టారు. మూడో నంబరులో రెండంటే రెండు చుక్కలున్నాయి. మిగతావన్నీ మచ్చలు. ఏడో నంబరులోనైతే సూది మోపే సందు లేదు. పెద్ద డాక్టరు దాన్ని ఎత్తి పట్టుకుని మండిపడ్డాడు.

"ఈ ఏడో నంబరు ఎవరైనా సరే, చేతులు కడుక్కోవడం నేర్చుకునేదాకా ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ చేతులు వెనక్కి దాచుకున్నారు. హెడ్ నర్సు కాగితం ఒకసారి చూసి, మళ్ళీ చూసి, గొంతు సవరించుకుంది.

"ఏడు మీదేనండీ. మూడు మన నీళ్ళమ్మది."

పెద్ద డాక్టరు అలవాటు కొద్దీ కళ్ళజోడు తోసుకోబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశాడు. తర్వాత గ్లౌజులు విప్పి బుట్టలో పడేశాడు. అన్నమాట మీద నిలబడే మనిషే, అది ఒప్పుకోవాలి. గుమ్మం దాటి బయటికొచ్చి, కుళాయి దగ్గర నీళ్ళమ్మ పక్కన నిలబడి, ఎలా కడగాలో చూపించమన్నాడు.

నీళ్ళమ్మకి కళ్ళు నిండిపోయాయి. సంతోషం పట్టలేకపోయింది, దాచుకోనూ లేదు. సబ్బు రాసి అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు ఒక్కొక్కటే రుద్ది చూపించింది. ఆయనా చూసి అలాగే రుద్దుకుని కడుక్కున్నాడు. లోపల ఎవరో పిల్ల పాలకి ఏడుపు లంకించుకుంది. ఆవిడ గబగబా చేతులు ఆరబెట్టుకుని గుమ్మం దాటింది. వెనకే డాక్టరు కూడా అడుగు వేయబోయాడు.

నీళ్ళమ్మ వెనక్కి తిరిగి ఆయన చేతులు చూసింది.

"బొటనవేళ్ళు వదిలేశారయ్యా. మళ్ళీ మొదట్నుంచి కడగండి."

పెద్ద డాక్టరు మళ్ళీ కుళాయి తిప్పాడు.