వండిన మనిషి పేరు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు. మధ్యాహ్నం పన్నెండు దాటిందంటే చాలు, అరుణాదేవి మెస్ ముందు మనుషుల మీద మనుషులు పడతారు. కోచింగ్ క్లాసుల నుంచి ఆకలితో పరుగెత్తుకొచ్చే పిల్లలు, సోమాజిగూడ ఆఫీసుల నుంచి బండ్ల మీద వచ్చే ఉద్యోగులు, హాస్టల్ ఆడపిల్లలు, అందరికీ అదే చోటు. ముద్దపప్పు, గుత్తి వంకాయ, గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. ఆదివారమైతే పనసపొట్టు కూర. వేడి అన్నంలో నెయ్యి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు తలెత్తి అనే మాట ఒక్కటే.

"మీ చేతిలో ఏదో ఉందండీ, అరుణాదేవి గారూ!"

కౌంటర్ దగ్గర కూర్చున్న అరుణాదేవి నవ్వుతుంది. అవుననదు, కాదనదు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చదువరులు ఒక్కసారి ఆ కౌంటర్ దాటి, వెనక గోడకున్న చిన్న కిటికీలోంచి లోపలికి తొంగి చూడాలి. అక్కడ పొయ్యిల మధ్య కొంగు నడుముకు బిగించి, చెమటలు కక్కుతూ నిలబడ్డ మనిషి పేరు సత్తెమ్మ. అందరూ మెచ్చుకునే ఆ చెయ్యి సత్తెమ్మది.

సత్తెమ్మ నల్లగొండ వైపు ఒక పల్లెలో, దళితవాడలో పుట్టింది. భర్త పెంటయ్యతో పట్నం వచ్చి మొదట ఈ మెస్‌లోనే గిన్నెలు తోమే పనికి కుదిరింది. వంటమనిషి చెప్పా పెట్టకుండా మానేసిన రోజున అరుణాదేవి బెంబేలెత్తిపోయి ఆమెను పొయ్యి ముందు నిలబెట్టింది. ఉన్నమాట చెప్పుకోవాలి, గోదావరి జిల్లా వంటలన్నీ పక్కనుండి నేర్పింది అరుణాదేవే. నేర్చుకున్నాక సత్తెమ్మ వాటిని తన దారికి తెచ్చుకుంది. ఉప్పు తక్కువైందనో కారం ఎక్కువైందనో ఆ తర్వాత ఒక్కరూ అన్నది లేదు. ఆ పొయ్యి మళ్లీ ఇంకొకరి చేతికి పోలేదు.

ఇంత పని చేయించుకుంటూ అరుణాదేవి ఒక కట్టడి పెట్టింది. మెస్ తెరిచాక సత్తెమ్మ హాల్లోకి రాకూడదు. వడ్డన అంతా జోగారావుది. జోగారావు కాకినాడ మనిషి. మల్లెపువ్వులాంటి పంచె, నుదుట గంధం బొట్టు, తీయని మాట. వంట ఎవరిదని ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే అతన్ని చూపించేవారు. ఆ మహానుభావుడికి కాఫీ కలపడం కూడా సరిగా రాదు!

"జనం ఒప్పుకోరు సత్తెమ్మా. నాకైతే ఏ పట్టింపూ లేదు. రోజూ నీ చేతి వంటే తింటున్నానా లేదా?" అనేది అరుణాదేవి.

తినేది, నిజమే. తమకు ఏ పట్టింపూ లేదనుకునే పెద్దమనుషులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. పట్టింపును బతికిస్తున్నది కూడా వాళ్లే, పాపం జనం మీద నెపం పెట్టి. సత్తెమ్మ మొదట్లో పిల్లల చదువులు గడుస్తున్నాయి కదా అని ఊరుకుంది. కానీ కిటికీలోంచి ఆ పొగడ్త వినబడిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది. ఆ మంట గరిటె మీద చూపించి, కూర దించి, మళ్లీ పనిలో పడేది.

మెస్‌కు రోజూ వచ్చేవాళ్లలో ఫణీంద్ర ఒకడు. విజయవాడ నుంచి వచ్చి స్థిరపడ్డ ఉద్యోగి, భోజనప్రియుడు. పంజాగుట్టలో కొత్తగా ఫ్లాట్ కొన్నాడు. గృహప్రవేశం నాడు కొత్త పొయ్యి మీదే వంట జరగాలని అతని తల్లి పట్టుబట్టింది. అతను నేరుగా అరుణాదేవి దగ్గరికి వచ్చాడు.

"మీ జోగారావు గారిని మా ఇంటికి పంపాలండీ. ఆ గుత్తి వంకాయ, ఆ పనసపొట్టు కూర మా బంధువులంతా తిని తీరాలి!"

కాదంటే బాగుండేది. కానీ అంతమంది బంధువుల నోట తన మెస్ పేరు పడుతుందన్న ఆశ అరుణాదేవిది. సరేనంది. గృహప్రవేశానికి ముందు రోజు సాయంత్రం గిన్నెలు సర్దుతున్న సత్తెమ్మ దగ్గరికి వచ్చి నెమ్మదిగా విషయం చెప్పింది. "నువ్వూ రావాలి. లోపల వంట నువ్వు చెయ్యి, గుమ్మంలో జోగారావు నిలబడతాడు. నిన్ను గిన్నెలు తోమే మనిషివని చెప్తాను."

సత్తెమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"గిన్నెలు తోముడు తప్పు కాదమ్మా. తోమిన, మల్ల తోముత. లేని ముచ్చట ఎందుకు చెప్పుడు? గీ ఒక్కపాలి నా పేరు చెప్పుండ్రి. ఏమైతదో సూద్దాం."

"అయ్యో, గృహప్రవేశమే! వాళ్లు పట్టింపు మనుషులు. ఈ ఒక్కసారికి నా పరువు నిలబెట్టు తల్లీ."

"వస్త. నా నోటితోనైతే అబద్ధం చెప్ప."

"నువ్వేం చెప్పక్కర్లేదు, నేను చూసుకుంటాగా!" అంది అరుణాదేవి తేలిగ్గా.

ఆమె ఎంత బాగా చూసుకుందో మరునాడు పొద్దున తేలిపోయింది. ఫ్లాట్‌లో పాలు పొంగాయి, పూజ ముగిసింది. వచ్చిన చుట్టాలకు ఫణీంద్ర జోగారావును చూపించి, "నలభీములంటే వీరేనండీ" అని మురిసిపోయాడు. జోగారావు సిగ్గుపడుతూ దండాలు పెట్టాడు. అంతలో ఫణీంద్ర తల్లి చూపు, కూరగాయల సంచి పట్టుకుని వంటింట్లోకి అడుగు పెడుతున్న సత్తెమ్మ మీద పడింది.

"ఈవిడెవరు?"

"గిన్నెలు తోమే మనిషండీ," అంది అరుణాదేవి తడుముకోకుండా.

"అయితే వంటింట్లో ఏం పని? ఇవాళ వంట మడిగా జరగాలి. అటు వాష్ ఏరియాలో కూర్చోమనండి, గిన్నెలు అక్కడికే పంపిద్దాం." పెద్దావిడ సత్తెమ్మను అటు పంపించి, మధ్య తలుపు దగ్గరికి వేసింది.

అరుణాదేవి ఏ అబద్ధంతో సత్తెమ్మను లోపలికి తీసుకెళ్దామనుకుందో, ఆ అబద్ధమే ఆమెను బయట కూర్చోబెట్టింది. వంటలు నేర్పిన అరుణాదేవి గరిటె పట్టి ఏళ్లయింది, ఇంతమందికి వండే అలవాటు ఏనాడో పోయింది. ఇక లోపల మిగిలింది జోగారావు, కొత్త పొయ్యి, ఇంత వంకాయల కుప్ప.

కాసేపటికి తలుపు సందులోంచి జోగారావు ముఖం కనిపించింది. "అక్కా, వంకాయల్లో కారం ముందు కూరాలా, నూనెలో వేశాక కూరాలా?" సత్తెమ్మ ముఖం అటు తిప్పుకుంది. అతను మళ్లీ లోపలికి పోయాడు. ఇంకాసేపటికి ఘాటు వాసన గుప్పుమని వచ్చింది. పనసపొట్టు కూర దించి, చల్లారాక కలపాల్సిన ఆవముద్దను జోగారావు మంట మీదే కలిపేశాడు. గిన్నెడు కూర చేదు విషమైపోయింది. హాల్లో చుట్టాలు వాచీలు చూసుకుంటున్నారు.

అరుణాదేవి పరుగున వాష్ ఏరియాలోకి వచ్చింది. "సత్తెమ్మా, నీకు పుణ్యముంటుంది! ఇక్కణ్ణుంచే ఒక్కొక్కటీ చెప్పు. అతను చేస్తాడు."

చెప్పడం సత్తెమ్మకు ఎంతసేపు? చెబితే వంట గట్టెక్కుతుంది, అరుణాదేవి పరువు దక్కుతుంది, జోగారావుకు ఇంకో నాలుగు దండాలు దక్కుతాయి. తాను మాత్రం రేపు కూడా ఆ కిటికీ వెనకే ఉండిపోతుంది. చెప్పకపోతే పని పోవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలున్నారు. ఆమెకు భయం వేసింది, వేయకేం? అయినా లేచి నిలబడింది.

"చెప్తనమ్మా. పొయ్యి కాడ నిలవడి చెప్త. వంట సత్తెమ్మదని ముందు ఆ హాల్ల చెప్పుండ్రి. లేదంటే నన్ను ఇంటికి పోనియ్యుండ్రి. రేపటి సంది మెస్‌కు సుత రాను."

"ఇలాంటప్పుడు బెదిరిస్తావా నన్ను?"

"బెదిరిచ్చేదుంటే పొద్దుగాల ఇంట్లనే పండుకుందు. ఆకలైన మనుషులున్నరు, పొయ్యి ఉన్నది, నేనున్న. నడుమ గీ తలుపొక్కటే అడ్డం. గా పెద్దమ్మ ఏసిందనుకుంటుండ్రా? ఏసింది మీరమ్మా."

అరుణాదేవికి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, చివరికి సిగ్గేసింది. ఇన్నేళ్లూ జనం, జనం అంటూ వచ్చింది. ఏ జనం? ఒక్కరినైనా తాను నోరు తెరిచి అడిగిందా? ఒక్కరికైనా నిజం చెప్పి చూసిందా? కొంగుతో ముఖం తుడుచుకుని నేరుగా హాల్లోకి నడిచింది.

"ఫణీంద్ర గారూ, ఒక్క మాట. మా మెస్‌లో మీరు తిన్న ప్రతి ముద్దా ఆ సత్తెమ్మ వండిందే. జోగారావుకి వంట రాదు. మీరు పొగిడిన చెయ్యి నాది కూడా కాదు. ఆమె దళితుల మనిషని దాచిపెట్టాను. తప్పు నాది. ఇప్పుడు ఆమె వండితే వంట, వద్దంటే సామాను సర్దుకుని వెళ్లిపోతాం."

"ఎంత మోసం!" అన్నాడు ఒక పెద్దాయన. "శుభమా అని ఇంట్లో అడుగు పెడుతుంటే ఇదేం ఖర్మ!" అంది ఫణీంద్ర తల్లి. ఫణీంద్ర తల్లి వైపు చూశాడు, అరుణాదేవి వైపు చూశాడు, ఎటూ తేల్చుకోలేక నేల చూపులు చూశాడు. రోజూ లొట్టలేసుకుంటూ తిన్న మనిషికి ఆ వేళ ఒక్క మాట పెగల్లేదు.

మాట్లాడింది అతని భార్య మంజూష.

"అత్తయ్యా, మీ ఆపరేషన్ అయ్యాక పథ్యం భోజనం ఎక్కణ్ణుంచి తెప్పించాననుకున్నారు? బీరకాయ కూర బాగుంది, ఇంకాస్త వెయ్యమని అడిగి మరీ తిన్నారు. అది ఈ మెస్ నుంచే వచ్చింది, సత్తెమ్మ గారి చేతిదే."

"అప్పుడు నాకు తెలియదుగా!"

"తెలియక తింటే ఒంటికి పట్టింది. తెలిసి తింటే పట్టకుండా పోతుందా?"

మంజూష వెళ్లి తలుపు తానే తీసింది. "రండి సత్తెమ్మ గారూ, ఆలస్యమవుతోంది."

సత్తెమ్మ కొంగు బిగించింది. చేదెక్కిన కూర పారబోయించింది. వంకాయలు తన ముందుకు లాక్కుంది. మళ్లీ పనసపొట్టు వండే వ్యవధి లేదు. దాని బదులు తన ఇంటి వంట పెడదామనుకుంది. చింతపండు పిసికి, ఉల్లిపాయలు, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, నువ్వుల పొడి కలిపి పచ్చిపులుసు చేసింది. ఎవరినీ అడగలేదు. జోగారావు నోరు మూసుకుని ఉల్లిపాయలు తరిగి ఇచ్చాడు.

అందరి మనసులూ ఆ పూటే మారిపోయాయని రాస్తే అది అబద్ధమవుతుంది. ఇద్దరు ముగ్గురు పని ఉందంటూ లేచి వెళ్లిపోయారు. ఫణీంద్ర తల్లి అరటిపండుతో సరిపెట్టుకుంది. మిగిలినవాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు. సత్తెమ్మ తానే కూర గిన్నె పట్టుకుని, తల దించుకోకుండా వరస పొడుగునా వడ్డించింది. గుత్తి వంకాయ రెండోసారి అడిగారు. పచ్చిపులుసు మూడోసారి కూడా అడిగారు. "రేపట్నించి మెస్‌లో కూడా కూర నువ్వే వడ్డించాలి" అంది అరుణాదేవి, ఆమె వెనకే అన్నం పళ్లెంతో నడుస్తూ.

భోజనాలయ్యాక ఫణీంద్ర చేతులు జోడించి ఎదురుగా నిలబడ్డాడు. "ఇందాక నోరు తెరవలేకపోయాను, సత్తెమ్మ గారూ. సిగ్గుగా ఉంది. మీకు ఎలా దండం పెట్టాలో తెలియడం లేదు."

"దండాలు నాకొద్దు సారు," అంది సత్తెమ్మ, నిదానంగా, గదిలో అందరికీ వినబడేలా. "కడుపునిండ తిన్న నోటితోని వండిన మనిషి పేరు సుత చెప్పుండ్రి. గంతే."