తొడిమల షెడ్డులో ఆవిరి మిషన్

నేను ఒక ఆవిరి మిషన్‌ని. నాకు అన్నిటికంటే భయం కరెంటు పోవడం. దొంగలంటే భయం లేదు, ఎలుకలంటే కొంచెం ఉంది. కానీ ఆయాసపడే పసిపిల్లకు మాస్కు పెట్టి, మందు సగం లోపలికి వెళ్లాక కరెంటు పోయిందనుకోండి, పిల్ల నా వైపు చూస్తుంది, తల్లి స్విచ్చి వైపు చూస్తుంది. నేను ఎటూ చూడలేను.

డాక్టర్లు నన్ను నెబ్యులైజర్ అంటారు. ఆ పేరు పలకడానికే సగం ఊపిరి కావాలి కాబట్టి, ఊపిరాడనివాళ్లు నాకు ఆవిరి మిషన్ అని పేరు పెట్టారు. నిజానికి నాలోంచి వచ్చేది ఆవిరి కాదు, చల్లటి మంచులాంటి మందు. అయినా మనుషులు పెట్టిన పేరుకు ఎదురు చెప్పే అలవాటు మాకు లేదు.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో పుట్టాను. ఒక అమ్మాయి నాకు స్క్రూలు బిగించి, స్విచ్చి వేసి, గొట్టం చివర అరచెయ్యి పెట్టి చూసింది. గాలి తగిలింది. సరే అన్నట్టు తల ఊపి పెట్టెలో పెట్టేసింది. అక్కణ్నుంచి గుంటూరులో ఒక మందుల షాపు అద్దాల బీరువాలోకి వచ్చాను. నా పక్కన బీపీ మిషన్ ఉండేది. దాన్ని వచ్చినవాళ్లంతా ముచ్చటగా చూసేవాళ్లు, చేతికి చుట్టుకుని బాగుందని మెచ్చుకునేవాళ్లు. నన్ను మాత్రం ఎవరూ సరదాకి అడగరు. నన్ను కొనేవాళ్లు పరుగెత్తుకుంటూ వస్తారు, చిల్లర మరిచిపోయి వెళ్తారు.

అలా పరుగెత్తుకుంటూ వచ్చినవారు పూర్ణచంద్రరావు గారు, కోల్డ్ స్టోరేజి గుమాస్తా. మనవడికి పిల్లికూతలు. ఒక చలికాలమంతా ఆ పిల్లవాడికి నేనే లాలి పాడాను. తర్వాత వాడు గట్టిపడ్డాడు. గట్టిపడగానే ఆయన భార్యకు నా మీద అనుమానం మొదలైంది.

"ఇది ఇంట్లో ఉంటే జబ్బుని మనమే పిలిచి కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుందండీ. ఎవరికన్నా ఇచ్చేయండి."

జబ్బు పోవడానికి నేను వచ్చానని మరిచిపోయి, నేనున్నాను కాబట్టి జబ్బు వస్తుందనుకున్నారు. మనుషులు గొడుగుని ఇలా ఎందుకు అనుమానించరో నాకు ఇప్పటికీ తెలియదు.

గుమాస్తా గారు నన్ను సంచిలో వేసుకుని కోల్డ్ స్టోరేజి వెనక ఉన్న రేకుల షెడ్డుకి తెచ్చారు. అక్కడ ఆడవాళ్లు ఎండు మిరపకాయల రాశుల చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తారు. తీసిన కాయ ఒక గోతంలోకి, రంగు పోయిన తాలు కాయ ఇంకో గోతంలోకి, తొడిమలు ఒళ్లోంచి కిందికి. పిల్లలు పక్కనే చీర ఉయ్యాలల్లో ఉంటారు. అక్కడి గాలిలో ఏముందో నేను చెప్పనక్కర్లేదు. నాకు పని దొరికింది.

అందరికంటే ఎక్కువ పని సువార్త కూతురు కెజియాతో. మూడేళ్ల పిల్ల. మబ్బు పట్టినా, దుమ్ము లేచినా రొమ్ము ఎగరేస్తూ ఊపిరి తీసేది. సువార్త చేతులు మిరపకాయల మీద ఉన్నా చెవులు ఉయ్యాల మీదే ఉండేవి. పిల్ల దగ్గితే లేస్తుంది, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదని లేస్తుంది. "నువ్వు కూర్చునే దానికంటే లేచేదే ఎక్కువే" అనేది మేస్త్రి తిరపతమ్మ.

ఆ షెడ్డులోనూ నాకు గుమాస్తా గారింటి గతే పట్టింది. మాస్కు ఎవరి పిల్లది వాళ్లదే, నేను మాత్రం అందరి సొత్తు. కానీ నన్ను ఏ ఇంటికీ తీసుకెళ్లేవాళ్లు కాదు. పిల్లల్నే నా దగ్గరికి తెచ్చేవాళ్లు. పొద్దు వాలితే గోతాల గదిలో మేకుకు తగిలించి తాళం వేసేవాళ్లు. తాళంచెవి వాచ్‌మన్ మొలతాడుకి. జబ్బుకి తాళం వేశామని వాళ్ల ధైర్యం.

అలాంటి చోటికి ఒకరోజు పాలసీ అబ్బాయి వచ్చాడు. పేరు సందీప్. ఆ ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ మాట్లాడాడు కాబట్టి, చాలామంది అతను తమ కష్టాలకి ఏడుస్తున్నాడనుకుని శ్రద్ధగా విన్నారు. ఆసుపత్రిలో చేరితే ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది, కట్టాల్సిన దాంట్లో సగం షెడ్డు యజమాని కడతాడు, సగం కూలీలో పట్టుకుంటారు. పిల్లలకి కూడా వస్తుంది. ఒక్కటే షరతు. షెడ్డులో పనిచేసేవాళ్లంతా చేరాలి. ఒక్కరు వద్దన్నా ఎవరికీ రాదు.

సువార్త ముందే లేచి నిలబడింది. ఆసుపత్రి ఖర్చు సర్కారు పెట్టుకోవాలంటే రేషన్ కార్డులో పేరుండాలి; ఆమె పేరు ఇంకా పుట్టింటి కార్డులో ఉంది, పిల్ల పేరు ఏ కార్డులోనూ లేదు. మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. కెజియాని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎవరిని అడగాలన్నది ఆమెకి తెల్లారి లేస్తే వచ్చే మొదటి ఆలోచన. ఈ పాలసీ వస్తే ఆ ఆలోచన పోతుంది.

మిగతావాళ్లు అంత తేలిగ్గా లేవలేదు.

"నాకింకా పెళ్లే కాలా. నాకేం జబ్బులుంటయ్?" అంది నాగమల్లి.

"పెళ్లి చేసుకో, అయ్యే వస్తయ్" అంది తిరపతమ్మ.

అందరూ నవ్వారు. నవ్వనిది దానమ్మ ఒక్కతే. షెడ్డులో అందరికంటే పెద్దది, అందరికంటే వేగంగా తొడిమ తీసేది. ఆమెకి ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్న ఒక్క మరిది ఇంట్లోంచి వచ్చేసి, షెడ్డు పక్కనే రేకుల గదిలో ఉంటోంది. ఆమె పేరున్న రేషన్ కార్డు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

"ఇష్టమున్నోళ్లు చేరండి, లేనోళ్లు మానుకుంటారు. ఈ బలవంతం ఏందయ్యా?" అంది.

"బలవంతం కాదు పెద్దమ్మా, తప్పనిసరి."

"పట్టుకునేది నా కూలీలోనే గదా. పేరు ఏదైతే నాకేంది?"

"జబ్బున్నవాళ్లు మాత్రమే చేరితే కంపెనీ ఎట్లా నడుస్తుంది పెద్దమ్మా? జబ్బు లేనివాళ్లు కూడా ఉండాలి."

"అంటే బాగున్నోళ్లు చేసిన తప్పేందంట?"

అబ్బాయి కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి ఘాటుకో, ఆమెకో తెలియలేదు. పెద్ద పెద్ద ఊళ్లలో, పెద్ద పెద్ద బల్లల చుట్టూ కూర్చుని ఇదే మాట వాదించుకుంటారట. అక్కడ నీళ్ల సీసాలు పెడతారట. ఇక్కడ తొడిమలు తీస్తూ వాదించుకున్నారు. అంతే తేడా.

రెండు రోజులు పోయాక దానమ్మ కొంచెం మెత్తబడింది. తిరపతమ్మ బతిమాలింది, సువార్త గడ్డం పట్టుకుంది. సరే రాసుకో అని అబ్బాయి ముందు కూర్చుంది. అతను పేరడిగాడు, చెప్పింది. ఊరడిగాడు, చెప్పింది.

"మీ తర్వాత ఎవరి పేరు రాయాలి పెద్దమ్మా?"

దానమ్మ చేతిలో ఉన్న కాయ తొడిమ రాలేదు. కాసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది.

"నాకు అక్కర్లా. పో."

అందరూ అది మొండితనం అనుకున్నారు. ఉయ్యాల పక్కన ఉన్న నాకు ఆమె చెయ్యి ఆగడం కనిపించింది. కానీ చూసింది చెప్పే యంత్రాన్ని కాదుగా నేను.

ఆ రోజు నుంచి షెడ్డులో దానమ్మకి టీ గ్లాసు చివర్లో వచ్చేది, చల్లారిపోయి. తాగునీళ్ల కుండ ఆమె దగ్గరికి జరిగేది కాదు. "ఒక్కదాని మూలాన ఇంతమందికి లేకుండా పోయె" అని గాల్లోకి అనేవాళ్లు. ఆమె తాలు కాయలు ఏరుకుంటూ వినేది. సువార్త మాత్రం ఏమీ అనేది కాదు. అనకపోవడమే ఎక్కువగా తగిలిందేమో, దానమ్మ ఆమె వైపు చూడడం మానేసింది.

ఒక ఆదివారం షెడ్డుకి సెలవు. వాచ్‌మన్ బారసాలకి వెళ్లాడు, తాళంచెవి మొలతాడుతో పాటు. చర్చి నుంచి వచ్చేసరికి కెజియాకి ఆయాసం ఎత్తుకుంది. సువార్త పిల్లని భుజాన వేసుకుని గోతాల గది దాకా పరుగెత్తుకొచ్చింది. తలుపుకి వేలాడుతున్న తాళాన్ని చూసింది. లోపల మేకుకి నేను, బయట పిల్లికూతలు. రోగం ఇళ్లలోకి రాకుండా మా తెలివైనవాళ్లు కట్టుకున్న గోడ అది.

దానమ్మ తన గదిలోంచి వచ్చింది. ఏమైందని అడగలేదు. పచ్చడి బండ తెచ్చి తాళం మీద వేసింది. తాళం ఊడలేదు, తలుపు గడియే ఊడింది. నన్ను మేకు మీద నుంచి లాగి తన గదిలోకి తీసుకెళ్లి స్విచ్చి వేసింది. అలా నేను మొదటిసారి ఒక కూలీ ఇంట్లో అడుగు పెట్టాను.

కెజియా మాస్కు పెట్టనివ్వలేదు. తల అటూ ఇటూ కొట్టుకుంది.

"ఇట్టా తే" అని దానమ్మ మాస్కు తీసుకుని తన మూతికి పెట్టుకుంది. "చూడు కెజియా, అవ్వకి ఏనుగు తొండం వచ్చింది. అవ్వ ఎట్టా పీలుస్తదో చూడు."

పీల్చింది. ఇంకోసారి పీల్చింది. అప్పుడు నాకు తెలిసింది. ఎంతోమంది ఊపిరి చూసినదాన్ని నేను. బయటికి వచ్చే గాలి ఎక్కడ ఇరుక్కుంటుందో నాకు తెలుసు. కెజియా కంటే అధ్వానంగా ఉంది ఆ అవ్వ రొమ్ము. మూడోసారి పీల్చబోయి, చిన్నగా కళ్లు మూసుకుని, చటుక్కున మాస్కు తీసి పిల్ల ముక్కుకి పెట్టింది. ఎవరిదో లడ్డూ రుచి చూసినట్టు సిగ్గుపడింది.

నేను చేయగలిగింది చేశాను. సరిపోలేదు. పిల్లని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, రెండు రాత్రులు ఉంచారు. ఆ బిల్లు కట్టి ఇంటికొచ్చేసరికి సువార్త ఇంట్లో కుట్టు మిషన్ లేదు. ఆ కుట్టు మిషన్‌తో నాకు పరిచయం లేదు. అయినా బాధేసింది.

అబ్బాయి మళ్లీ వచ్చిన రోజు దానమ్మ తనే వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"రాయయ్యా. నా తర్వాత కెజియా పేరు రాయి."

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. తిరపతమ్మ ముక్కు చీదుకుంది, ఘాటు మీద నెపం పెట్టింది. అబ్బాయి సంతోషంగా ఆమె ఆధార్ కార్డు తీసుకుని, పుట్టిన సంవత్సరం ఫోనులో కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"పెద్దమ్మా, మీకు వయసు దాటిపోయింది."

"దాటిపోతే?"

"మీరు లెక్కలోకి రారు. ముందే కార్డు చూడాల్సింది, పొరపాటు నాదే. మీరు చేరకపోయినా మిగతా అందరికీ వస్తుంది."

‘అందరూ’ అనే మాటకి ఒక వయసు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ముందు దానమ్మే నవ్వింది. "ఇన్నాళ్లు నన్ను తిట్టిందంతా దండగేనంట తిరపతమ్మా. చల్లారిన టీలన్నీ నాకు బాకీ."

తిరపతమ్మ నవ్వలేదు. "వయసు తగ్గించి రాయవయ్యా. ఆమె మొహం చూసి ఎవరు చెప్తారు?"

"మొహం చూస్తే ఇంకా పదేళ్లు ఎక్కువే చెప్తారే" అంది దానమ్మ.

"పెద్దవాళ్లకి కూడా పెట్టమని మా పైవాళ్లకి రాస్తానమ్మా" అన్నాడు అబ్బాయి. పైవాళ్లు ఎంత పైన ఉంటారో ఎవరూ అడగలేదు. అందరి తర్వాత సువార్త సంతకం పెట్టింది. పెట్టబోతూ దానమ్మ వైపు చూసింది. "పెట్టవే, పిల్లది గదా" అంది దానమ్మ. పెట్టకుండా ఎట్లా ఉంటుంది. నేను ఆమెని తప్పు పట్టను.

పాలసీ పనిచేసింది. మంచు రోజుల్లో కెజియా మళ్లీ ఆసుపత్రిలో పడుకుని వచ్చింది. ఈసారి ఇంట్లోంచి ఏ వస్తువూ మాయం కాలేదు. డాక్టరు దానికి చేతిలో పట్టే మందు గొట్టం రాశాడు, పిల్ల దాన్ని చిన్న సంచిలో పెట్టి మెడలో వేసుకుని తిరుగుతోంది. నా మోటారు వయసైపోయింది. మందు కంటే మోతే ఎక్కువ వస్తోందని పిల్లలు చెవులు మూసుకుంటున్నారు. పాత సామాన్ల గుజరీకి వేద్దామని ఎవరో అంటే, దానమ్మ నన్ను చంకన పెట్టుకుని తన గదికి తీసుకెళ్లింది.

ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన ఉంటున్నాను. నా మీద పాత రవికె గుడ్డ కప్పింది. రోజూ దుమ్ము తుడుస్తుంది. ప్లగ్గు మాత్రం పెట్టదు. పిల్లల మిషన్ పెద్దదానికెందుకు అంటుంది, మందు రాయించుకోమంటే డాక్టరుకి పనిలేదా అంటుంది. భయపడకుండా నన్ను ఇంట్లో ఉండనిచ్చిన మనిషికే నేను ఉపయోగపడడం లేదు.

సీజను అయిపోయింది. షెడ్డు మూసేశారు. తిరపతమ్మ పత్తి పనికి వెళ్లింది, సువార్త మొగుడి ఊరికి వెళ్లింది. వానలు కూడా పడ్డాయి. దానమ్మ దగ్గుతూనే ఉంది. ఎవరన్నా అడిగితే మిరప ఘాటు అంటుంది. షెడ్డులో ఒక్క కాయ లేదు.

మీరు అటు వైపు వెళ్తే కోల్డ్ స్టోరేజి వెనక రేకుల గది తలుపు తట్టండి. బాగానే ఉన్నాను పొమ్మంటుంది. పోకండి. లోపలికి వచ్చి కూర్చుని ఏదో ఒకటి మాట్లాడించండి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతోందేమో చూడండి.